పెద్దమ్మ కుడి చెయ్యి

మొన్న తెల్లవారి నల్లా వచ్చింది గానీ మా పక్కింటి పెద్దమ్మ బిందె బయటికి రాలేదు. కోడలు వెళ్లి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే పోయింది. కొత్తవాడలో మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆమెది. వయసంతా మగ్గం మీద దర్రీలు, నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసింది. చూడటానికి వచ్చినవాళ్లు "పాపం, ఆ చెయ్యితోని ఎంత గోస పడ్డదో" అంటుంటే నాకు ఒళ్లు మండింది. ఆమెను పాపం అనకండి. ఆ చెయ్యి సంగతి నేను దగ్గరుండి చూశాను.

పోయినేడు వానాకాలంలో తడి గచ్చు మీద జారింది. పెద్దగా పడిందేమీ కాదు, చిన్నపిల్లలైతే లేచి నవ్వేవాళ్లు. ఆమెకు మాత్రం కుడి భుజానికీ మోచేతికీ నడుమ ఎముక విరిగింది. దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి, ఎముకలు గుల్లబారాయి, అతుక్కోవడానికి చాలా కాలం పడుతుంది అంది. మళ్లీ వెళ్లినప్పుడూ అదే మాట. ఎక్స్‌రేలో చీలిక అట్లాగే ఉంది.

నేను ఊరుకుంటానా? దొరికిన కరపత్రాలన్నీ చదివి వాడకట్టంతా ఉపన్యాసాలిచ్చాను. ఆడవాళ్ల ఎముకలను తినేది వయసొక్కటేనా, ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినమనే ఈ పద్ధతి కూడా కాదా అని నిలదీశాను. పెద్దమ్మ మెడకు కట్టిన జోలెలో చెయ్యి పెట్టుకుని అంతా వింది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. గిన్నెల పాలు మిగిలినయేమో చూడు, తాగుత."

ఇంతలో దర్రీల సంఘంలో ఒక తీర్మానం లేచింది. చాన్నాళ్లుగా మగ్గం మీద కూర్చోనివాళ్ల సభ్యత్వం తీసేయాలట. అంటే పెద్దమ్మతో పాటు నడుములు, మణికట్లు పోయిన ముసలమ్మలంతా బయటికే. సంఘంలో ఓటంటే చెయ్యెత్తడం, అదీ కుడి చెయ్యి. ఎడమ చెయ్యెత్తితే సభను అవమానించినట్టని ఎప్పటి నుంచో లెక్కలోకి తీసుకోరు.

ఎడమ చెయ్యినీ లెక్కపెట్టాలని నేను సంఘం అధ్యక్షుడితో కొట్లాడటానికి బయల్దేరితే పెద్దమ్మ నా చున్నీ పట్టి ఆపింది.

"ఎడమ చెయ్యి లేపితే, ఇగో, దీని పని అయిపోయిందని వాళ్లే అంటరు. నేను కుడిదే లేపుత."

"లేవకపోతే?"

"అప్పుడు పో, కొట్లాడు. అందాక నీ నోటికి జర జోలె కట్టు."

ఎట్టకేలకు ఎముక అతుకుతోందని చెప్పి డాక్టరమ్మ జోలె తీసేసింది, కసరత్తులు నేర్పింది. వంటింటి గోడ ముందు నిలబడి రెండు వేళ్లను చీమల్లా పైకి పాకించాలి. పెద్దమ్మ చెయ్యితో మాట్లాడేది. "ఎక్కవే, ఎక్కు. నీ అయ్య సొమ్మేం పోతది?" నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. గడ్డం దాకా వచ్చి వేళ్లు ఆగిపోయేవి.

"అత్తమ్మా, జర ఆగరాదే" అని కోడలు మొత్తుకునేది.

"గోడ ఆడనే ఉంటది, నేనే ఉండ" అనేది పెద్దమ్మ.

ఆ చెయ్యి మునుపటిలా కాలేదు. నూలు బిగించే ఇనుప పంజాను ఎత్తి కొట్టే బలం మళ్లీ రాలేదు. అది ఆమెకూ తెలుసు.

సభ రోజు అధ్యక్షుడు, "తీర్మానం వద్దనేటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు. పెద్దమ్మను చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, నీకు కష్టమైతది. ఈసారికి ఎడమ చెయ్యైనా సరే."

"దయ నీ దగ్గర్నే ఉంచుకో తమ్మీ. లెక్కవెట్టు."

చెయ్యి భుజం దాకా లేచింది. అక్కడ ఆగింది. సాయం రాబోయిన ఎడమ చెయ్యిని తనే వెనక్కి తీసుకుంది. అక్కడ గోడ లేదు, అయినా ఆమె రెండు వేళ్లు గాలిని పట్టుకుని ఒక్కొక్కటే పైకి పాకాయి. చెవి దాటాయి. కొప్పు దాటాయి. వెనక వరసలో ఇంకో ముసలమ్మ చెయ్యి లేచింది. తర్వాత లేచిన చేతులను నేను లెక్కపెట్టలేకపోయాను. తీర్మానం వీగిపోయింది.

"లెక్క అయిపోయిందక్కా, ఇగ దించు" అన్నాడు అధ్యక్షుడు.

"ఎక్కెతందుకు ఇన్ని నెలలు పట్టింది. దిగెతందుకు తొందరేంది?"

అందరూ చేతులు దించి, చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడుస్తున్నారు. కుర్చీల మధ్య ఆ ఒక్క చెయ్యి అట్లాగే నిలబడి ఉంది, గాజులన్నీ మోచేతి దాకా జారిపోయి.