మామగారి దగ్గు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగానికి వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. పిల్లల ఊపిరితిత్తుల జబ్బులు నా పని. మా పనిలో చెవి ముఖ్యం. తడి దగ్గో పొడి దగ్గో వినగానే తెలియాలి.

ఆ వానాకాలం కళింగపట్నం నుంచి పోలమ్మ అనే ఆమె నాలుగేళ్ల కూతుర్ని తెచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే కుటుంబం. పాప దగ్గింది. రెండు పొట్టి దగ్గులు, ఆపైన కఫం గరగరలాడుతూ ఒక పొడుగు దగ్గు. నాలుగేళ్ల గొంతు కాదది. వెంటనే పోలమ్మ కుర్చీలోంచి లేచి, కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు ఒదిగి నిలబడింది. పాప మళ్లీ దగ్గితే మళ్లీ అంతే. విసుగొచ్చి, ఈ లేవడం ఏమిటని అడిగాను.

"అది పిల్ల దగ్గు కాదు బాబూ, మా మావ దగ్గు," అంది.

వాళ్లింట్లో మగ పెద్దలు గడప దాటే ముందు దగ్గుతారు. కోడళ్లు లేచి కొంగు సర్దుకోవాలి. ఆమె మామగారు సరిగ్గా ఇలాగే దగ్గి లోపలికి వచ్చేవాడట. పాప పుట్టకముందే పోయాడు. ఇప్పుడు పిల్లని తీసుకుపోవడానికి వస్తున్నాడని ఆమె భయం. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా పాప దగ్గినప్పుడల్లా నా చూపు తలుపు మీదికి పోయేది.

క్షయ పరీక్షలో ఏమీ లేదు. ఆస్తమా అనుకుని ఎవరో ఇచ్చిన పీల్చే మందు పనిచెయ్యలేదు. తడి దగ్గు నెల దాటింది కనుక మత్తిచ్చి, సన్నని కెమెరా గొట్టం శ్వాసనాళాల్లోకి పంపి, ఉప్పునీటితో కడిగి ఆ నీటిని పరీక్ష చేయించాం. బ్యాక్టీరియా పెరిగింది. మామూలు జలుబు వైరస్ కూడా కనిపించింది. చాలాసార్లు వైరస్ ముందొచ్చి నాళాల లోపొరను దెబ్బతీస్తుంది, దాని వెనక బ్యాక్టీరియా చేరి కాపురం పెడుతుంది. దీర్ఘకాల బ్యాక్టీరియల్ బ్రాంకైటిస్ అంటాం. వదిలేస్తే నాళాలు సాగిపోయి, మళ్లీ మామూలు కాకపోవచ్చు.

యాంటీబయాటిక్ ఇదివరకూ వాడారు. నాలుగు రోజులకే దగ్గు ఆగేది. మావ వెళ్లిపోయాడని మందు మానేసి, ఆయనకిష్టమైన చేపల పులుసు గడప బయట పెట్టేవారు. జలుబు చేస్తే మళ్లీ అదే దగ్గు. ఈసారి దగ్గు ఆగినా రెండు వారాలూ మందు పట్టించాలని నేను గొంతు చించుకున్నా పోలమ్మ చెవికెక్కలేదు. దగ్గే లేకపోతే మందెందుకన్నది ఆమె వాదన. చివరికి నేనూ ఆమె దారికే వచ్చి, మీ మామగారు ఇంట్లోకి వచ్చాక కూడా దగ్గేవాడా అని అడిగాను.

"లోపలికొచ్చి కూకున్నాక ఇంకెందుకు దగ్గుతాడు బాబూ," అంది.

అనేసి, తన మాట తనకే వినపడినట్టు పాప ఛాతీ వైపు చూసింది. ఈసారి మందు చివరి చుక్కదాకా పట్టించింది.

చలికాలంలో చూపించడానికి వచ్చారు. మధ్యలో పాపకి జలుబు చేసి తగ్గింది, దగ్గు మాత్రం పట్టుకోలేదు. స్టెతస్కోపు పెట్టి విన్నాను, ఊపిరి శుభ్రంగా ఉంది. నాకు చాలా సంతోషమైంది. అంతలో బయట వరండాలో ఎవరో ముసలాయన దగ్గాడు. రెండు పొట్టి, ఒక పొడుగు. పోలమ్మ చెయ్యి కొంగు మీదికి పోయింది. నేనూ కుర్చీలోంచి సగం లేచాను. పాప బల్లమీద కాళ్లూపుకుంటూ, "తాత ఎల్లిపోనాడు కదే అమ్మా," అంది.

పుట్టకముందే పోయిన మనిషి దగ్గు వరస పాపకి ఎలా వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. నేను నేర్చుకున్నది వేరు. జలుబు వైరస్ పిల్లల దగ్గరికి వస్తూనే ఉంటుంది, దాన్ని ఆపలేం. దాని వెనక లోపలికి చేరినది మాత్రం చప్పుడు ఆగినంత మాత్రాన బయటికి పోయినట్టు కాదు.