ఉత్తరం దిక్కు మంచం

మేడ్చల్ రోడ్డు మీది ఓ చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సమ్మ ఆయా. శామీర్‌పేట పక్క పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. రాగానే గోడమీది వేంకటేశ్వరుడి పటానికి దండం పెట్టుకుని, ఆ చేతుల్తోనే చీపురు పట్టేది. ఊడ్చినందుకు జీతముండేది. ఎవరూ జీతమివ్వని పనులు కూడా ఆమెకు బోలెడుండేవి. నోరు చేదై అన్నం సయించని ముసలివాళ్ళకు ఇంటి నుంచి చింతకాయ తొక్కు తెచ్చి నాలుక మీద రాసేది. "నర్సమ్మ చెయ్యి పడితే సగం రోగం పోతది" అనేవాళ్ళు.

రెండువేల ఆరులో అత్యవసర గదిలోని నాలుగు మంచాలకూ గుండె చప్పుడు చూపే కొత్త మిషన్లు పెట్టారు. వాటి తీగెలు గోడలోని సాకెట్ల గుండా వెళ్ళి సిస్టర్ల గది కంప్యూటర్‌కు కలిసేవి. రోగులకు నిద్ర పట్టదని మంచాల దగ్గర మోత ఆపేశారు. ప్రమాదమొస్తే సిస్టర్ల గదిలోనే గంట మోగి, తెర మీద రోగి పేరు ఎర్రగా వెలిగేది.

తీగెలు బిగించిన కృష్ణారావు కోస్తా మనిషి, కాపురం అల్వాల్‌లో. ఆయన మేనేజర్‌తో నచ్చజెప్పి చూశాడు.

"సార్, ఇప్పుడు పేరు గోడ సాకెట్‌కి ఉంది. అందులో ఎవరేం గుచ్చినా కంప్యూటర్ నమ్మేస్తుంది. ఏ మిషన్‌కి ఆ మిషన్‌కే పేరూ, రహస్య సంకేతమూ పెడదామండి. అది చెబితేనే నమ్మాలి."

"దొంగలొచ్చి గుండె సప్పుడు ఎత్కపోతరా ఏంది, కృష్ణారావ్? ఇగ నడువనియ్!" అన్నాడు మేనేజర్.

పక్కన తడిగుడ్డ పెడుతున్న నర్సమ్మ కూడా నవ్వింది.

ఆ ఎండాకాలం కీసర వైపు నుంచి సత్తయ్య అనే రైతును గుండెనొప్పితో తెచ్చారు. రెండో మంచం ఇచ్చారు. మర్నాడు పొద్దున చూడనిచ్చినప్పుడు ఆయన భార్య ఇందిరమ్మ గడపలోనే ఆగిపోయింది.

"అక్కా, మా ఆయన తలకాయ ఉత్తరం దిక్కున్నది! పానమున్న మనిషిని గట్ల పండవెడ్తరా? నీ కాల్మొక్త, మార్పియ్యే."

"పరేషాన్ గాకు సెల్లె. నేను జూస్త" అంది నర్సమ్మ.

ఎదురుగా మూడో మంచంలో అన్వేష్ ఉన్నాడు. పాముకాటు నుంచి బయటపడ్డ కుర్రాడు. "నాకు దిక్కులేంది ఆయమ్మా, పామే నన్నొద్దని ఇడిశిపెట్టె!" అని నవ్వి ఒప్పుకున్నాడు. చక్రాల మంచాలు, వాటితోపాటు మిషన్లు, అటువి ఇటు, ఇటువి అటు జరిగాయి. తీగెలు అందక నర్సమ్మ వాటిని ఊడదీసి, ఏ మిషన్‌కు దగ్గరున్న సాకెట్లో ఆ మిషన్ తీగె పెట్టింది. తెరల మీద గీతలు మళ్ళీ కదలడం చూసి నిశ్చింతగా వెళ్ళింది. అప్పటి సిస్టర్ దిగిపోయే హడావిడిలో ఉంది. ఆమెకు చెప్పాలన్న ఊహే నర్సమ్మకు రాలేదు.

మధ్యాహ్నం సిస్టర్ల గదిలో గంట మోగింది. కొత్తగా డ్యూటీకొచ్చిన సిస్టర్ శేషారత్నం ఆ గది పక్క వార్డులో మరో రోగికి ఇంజెక్షన్ ఎక్కిస్తూ తలుపులోంచి తెర వైపు చూసింది.

"అన్వేషట. వేలికి పెట్టిన క్లిప్పు మళ్ళీ పీకేసుంటాడు, కోతి వెధవ! చూశావా నర్సమ్మా?"

"ఇప్పుడే మజ్జిగ తాపిచ్చి వస్తున్న సిస్టరమ్మా. మంచిగున్నడు, పాటలు పాడుతుండు."

శేషారత్నం ఆ మాట నమ్మి, ఇంజెక్షన్ పూర్తిచేసి, చేతులు కడుక్కుని వెళ్ళింది. అన్వేష్ నిజంగానే పాడుకుంటున్నాడు. ఎదుటి మంచంలో సత్తయ్య పెదాలు నల్లబడి ఉన్నాయి. డాక్టరు పరుగున వచ్చి ఛాతీ నొక్కాడు, మందులెక్కించాడు. ఆ గుండె మళ్ళీ కదలలేదు.

కృష్ణారావు వచ్చి సాకెట్లు చూసుకుని, తీగెలు ఎవరు మార్చారని అడిగాడు. నేనే అంది నర్సమ్మ.

ఆయన కోప్పడలేదు. "సూరారంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఏం చేస్తాడమ్మా? మనిషిని ఆపి కార్డు చూస్తాడు. మన కంప్యూటర్ గేటును చూసి మనిషి పేరు రాసేసుకుంది. సత్తయ్యగారి గుండె మొత్తుకుంటే అన్వేష్ అనుకుంది."

ఆ వారమే మేనేజర్ మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు. కృష్ణారావు ప్రతి మిషన్‌కూ సొంత పేరూ, సంకేతమూ పెట్టాడు. ఇక ఏ గోడకు గుచ్చినా అది తన పేరే చెబుతుంది. సంకేతం చెప్పనిదాన్ని కంప్యూటర్ లోపలికి రానివ్వదు.

"గీ పని ముందుగాల్నే చేస్తే?" అంది నర్సమ్మ.

బయట నోరు విప్పొద్దని మేనేజర్ నర్సమ్మను హెచ్చరించాడు. కానీ సత్తయ్య పోయిన రోజే, శవాన్ని తీసుకుపోయే ముందు, ఇందిరమ్మ నర్సమ్మ చేతులు పట్టుకుని, "నీ పున్నెమా అని ఉత్తరం దిక్కు తలవెట్టకుంట పోయిండక్కా" అంటూ కళ్ళకద్దుకుంది. ఆనాటి నుంచీ నర్సమ్మకు ఆ చేతులతో దేవుడికి దండం పెట్టబుద్ధి కాలేదు. పదకొండో దినం దాటాక కీసర బస్సెక్కింది.

ఇందిరమ్మ చాప పరిచి, చెంబుతో నీళ్ళిచ్చింది. చెంబు ముట్టకుండానే నర్సమ్మ అంతా చెప్పేసింది. మంచం మార్చింది, తీగెలు పెట్టింది, మజ్జిగ మాట, అన్నీ. తిడుతుందని, కొడుతుందని సిద్ధపడే వచ్చింది.

ఇందిరమ్మ చూపు గడప మీదికి పోయింది.

"మంచం మార్పియ్యమని అడిగింది నేనే గదా" అంది. "అంటే నేనే సంపుకున్ననా అక్కా?"

"అయ్యో, నువ్వు గాదు సెల్లె! నేను... నా చేతులు..."

ఇందిరమ్మ వినడం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. తన గుండె మీది బరువు దించుకుందామని వచ్చి, అది తీసుకెళ్ళి ఈమె నెత్తిన పెట్టానని నర్సమ్మకు అప్పుడు తెలిసింది.

చావు జరిగిన ఇంట్లో పోయొస్తానని చెప్పకూడదు. నర్సమ్మ నీళ్ళ చెంబును ఇందిరమ్మ చేతికందేంత దగ్గరికి జరిపి, లేచి, మాట్లాడకుండా బయటికి నడిచింది.