బరువంటే గిట్టని బాబాయి

మా బాబాయికి లోకంలో ఎవరితోనూ తగువు లేదు, ఒక్క బరువుతో తప్ప. థర్మాకోల్‌తో, తేలికపాటి బాల్సా చెక్కతో రిమోట్ విమానాలు చేస్తాడు. బరువు పెరుగుతుందని రంగు వెయ్యడు. జిగురు అగ్గిపుల్ల మొనతో అద్దుతాడు. ఒకసారి విమానాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి తూకం చూస్తుంటే తోక మీద ఈగ వాలింది. "దిగు, దిగు! ముక్కు లేస్తోంది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

విమానాలతో ఆగితే పేచీ లేదు. ఇంట్లో ఏది కనబడినా కాటా ఎక్కించి, బరువు తగ్గించేవాడు. నేను ఉద్యోగంలో చేరి వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ ఈ చోద్యం చూశాను.

"పిన్నీ, గరిటెకి ఈ చిల్లులేమిటి?"

"మీ బాబాయి దాన్ని ఎగరేస్తాడట!"

"తోక చివర రవ్వంత తగ్గితే తూకం కోసం ముక్కులో పెట్టే బోలెడు సీసం తప్పుతుంది తెలుసా!" లోపలి నుంచి బాబాయి.

"గరిటెకి తోకేమిటండీ, మీ మొహం!"

పిన్ని ముందు గదిలో బట్టలు కుట్టేది. ఆ కుట్టు మిషనే ఆవిడ ప్రాణం. అలాంటిది మణికట్లు పట్టేసి, వాళ్లమ్మ ఇచ్చిన కత్తెర చేతిలోంచి జారిపోతుండేది. "ఇక మానేస్తానండీ, నా వల్ల కాదు," అంది ఒకరోజు. బాబాయి తలెత్తకుండా విమానం తోక చెక్కుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

మర్నాటి నుంచి ఆయన పిచ్చి కుట్టు గది మీద పడింది. కొలబద్ద బాల్సాది అయింది. బట్టలు తొడిగి చూసే ఇనుపకాళ్ల బొమ్మ పోయి థర్మాకోల్ బొమ్మ వచ్చింది. పిన్ని దానికి, కుట్టించుకోవడానికి వచ్చిన నర్సుగారి తెల్లకోటు తొడిగి తలుపు తీసిందో లేదో, గాలికి బొమ్మ వీధిలోకి పరుగు. వెనక నర్సుగారు. ఆవిడ వెనక బాబాయి, "ముక్కు దించు! ముక్కు దించు!" అంటూ. మలుపులో పోస్టుమాన్ దాన్ని రెండు చేతులా పట్టేసుకుని, "ఎవరండీ ఈవిడ?" అన్నాడు.

నవ్వి నవ్వి పొట్ట చెక్కలయ్యాక నాకు కోపమొచ్చింది. "ముందు నీ వస్తువులు తగ్గించుకో బాబాయ్," అని ఆయన గదిలోకి వెళ్లాను. ఇనుప కుర్చీ, రాయిలాంటి టీ కప్పు, ఎత్తలేని పనిముట్ల పెట్టె. ఒక్కదానికీ చిల్లు లేదు! చిల్లులన్నీ పిన్ని పట్టుకునే వాటికే, అదీ పిడికిటికి దూరంగా ఉండే కొసలకే.

"బాబాయ్, ఇదంతా పిన్ని చేతుల కోసమా?"

"ష్! నీ చేతుల్లో సత్తువ తగ్గిందని నేనంటే మీ పిన్ని మిషను మూసేస్తుంది. మొగుడికి పిచ్చి అనుకుంటే తిట్టుకుంటూనైనా కుడుతుంది."

ఊరంతా పిచ్చివాడన్నా కిమ్మనని మనిషి ఆయన. ఆ ఇంట్లో నాకింత చోటు దొరికినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఉండబట్టలేక పిన్ని చెవిన వేశాను. ఆవిడ పంటితో దారం తెంపి నవ్వింది.

"గరిటె నాడే తెలుసు. తెలిసిందంటే ఆయన సరదా పోతుందని తిడుతున్నా."

తర్వాత లోపలికి వినబడేలా గొంతు పెంచింది. "ఏమండీ! ఇన్నిటికి పట్టిన మీ పిచ్చి మా అమ్మ కత్తెరకి పట్టలేదేం? చచ్చే బరువుంది!"

బాబాయి వచ్చేశాడు. ఇనుము అరగదీసే ఆకురాయి అప్పటికే చేతిలో ఉంది.