ఫుల్‌స్టాప్ గారి సంతకం

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు ఉండేవారు. మనకు పని పడేవాళ్లు, ఇక జన్మలో పని పడనివాళ్లు. రెండో రకం వాళ్లతో ఎలా మాట్లాడినా చెల్లుతుందని నా గట్టి నమ్మకం. హైదరాబాదులో మొదటి ఉద్యోగం మానేసి అమెరికా విమానం ఎక్కబోతూ మా టీమ్ లీడ్‌ని నిశ్చింతగా ఆ రెండో జాబితాలో వేసేశాను. ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఫుల్‌స్టాప్ గారు. మేం ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. ప్రోగ్రాం ఎంత బాగా నడిచినా సరే, దాని కింద రాసిన వివరణలో వాక్యం చివర చుక్క లేకపోతే ఆయన వెనక్కి పంపేవారు. (చుక్క పెట్టి పంపితే, చుక్క ముందు ఖాళీ ఎందుకుందని మళ్లీ పంపేవారు.) రెండున్నరేళ్లు భరించాను. ఆఖరి రోజున ఆఫీసులో అందరికీ వీడ్కోలు మెయిల్ రాస్తూ, ‘మా లీడ్ గారి దగ్గర నేను నేర్చుకున్నది ఓపిక ఒక్కటే’ అని ఇంగ్లీషులో ఒక వాక్యం తగిలించి, సెండ్ నొక్కి, బ్యాగు భుజాన వేసుకుని మహారాణిలా నడిచి వచ్చేశాను. లిఫ్టు కిందికి దిగేలోపే నలుగురు ఫోన్ చేసి నవ్వారు. అంత గొప్ప వాక్యం మళ్లీ రాయలేనేమో అనుకున్నాను.

ఐదేళ్లు గడిచాయి. అమెరికాలో నోవై అనే ఊళ్లో ఉద్యోగం, పెళ్లి, అద్దె ఇల్లు, కొత్త సోఫా. వీసాకున్న ఆరేళ్ల గడువు దగ్గరపడుతుండగా మా కంపెనీ నా గ్రీన్ కార్డ్ కాగితాలు ఇమిగ్రేషన్ ఆఫీసుకు పంపింది. ఆ మెట్టు దాటితే వీసా పొడిగిస్తారు. దాటకపోతే పెట్టెలు సర్దుకోవడమే. జనవరిలో ఒక ఉదయం కారు మీద మంచు గీకుతూ ఉంటే లాయర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసి, “మీకు ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది” అంది, పార్సెల్ వచ్చిందన్నంత తేలిగ్గా. అంటే, పంపిన కాగితాలు చాలలేదు, ఇంకా ఆధారాలు చూపించమని ఇమిగ్రేషన్ వాళ్లు అడగడం. నేను జతచేసిన పాత కంపెనీ లెటర్‌లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశానో ఉంది, నడవడిక బాగుందని ఉంది, ఏం పని చేశానో మాత్రం లేదు. ఏమేం చేశానో, ఏమేం నేర్చుకున్నానో, వివరంగా కావాలన్నారు. పన్నెండు వారాలు గడువు.

పాత కంపెనీకి మెయిల్ పెడితే తిరిగొచ్చింది. వాకబు చేస్తే తెలిసింది, కంపెనీ మూతపడి ఏడాదైందట. ఆ అంతస్తులో ఇప్పుడు పెళ్లి బట్టల షాపు ఉందట. “పర్లేదు, అప్పుడు మీ పని చూసిన పైవాళ్లు ఎవరైనా ప్రమాణం చేసి రాసిచ్చినా చాలు” అంది లాయర్ ఆఫీసు అమ్మాయి ఉత్సాహంగా. నా పని చూసిన పైవారు భూమ్మీద ఒక్కరే, ఫుల్‌స్టాప్ గారు.

“అయితే ఆయన్నే అడుగు, అందులో కష్టమేముంది?” అన్నాడు మా ఆయన. అప్పటిదాకా ఆయనకు చెప్పని మెయిల్ సంగతి అప్పుడు చెప్పాల్సి వచ్చింది. “ఆఫీసులో అందరికీ పెట్టావా? ఆయన్ని కూడా కలిపి?” అన్నాడు. తలూపాను. హాల్లో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు.

పాత స్నేహితురాలి ద్వారా నంబరు దొరికింది. ఆయన ఉద్యోగం వదిలేసి హన్మకొండలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారట. పొద్దున్నే, అక్కడ సాయంత్రం అవుతుండగా, నిలబడే ఫోన్ చేశాను. (కూర్చుని మాట్లాడితే అగౌరవంగా ఉంటుందనిపించింది, ఆయనకు కనిపించకపోయినా.) పేరు చెప్పి, “గుర్తున్నానా సర్?” అన్నాను.

“ఎందుకు గుర్తులేవు? పోయేరోజు ఆఫీసుకు మొత్తం మెయిల్ గొట్టినవ్. నువ్వే గద?”

“సర్, అదీ... చిన్నతనం సర్.”

“పనేందో చెప్పు.”

చెప్పాను.

“నా దగ్గర ఓపిక తప్ప ఏం నేర్చుకోలేదని నువ్వే రాసిచ్చినవ్. ఇప్పుడు అన్నీ నేర్చుకున్నదని అమెరికా గవర్నమెంటుకు నేనెట్ల రాయాలె?” అన్నారు. గొంతులో కోపం లేదు. నిజంగానే సందేహం అడుగుతున్నట్టుంది. దానికే ఎక్కువ భయం వేసింది. “ఆలోచిస్త” అని పెట్టేశారు.

పది రోజులు ఆలోచించారు. ఆ పది రోజులు నాకు అన్నం సహించలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే పాడైందేమోనని మా ఆయన చేత నా నంబరుకు చేయించుకుని చూసేదాన్ని. మా ఆయన నాకు ధైర్యం చెబుతూనే ఒకరోజు సోఫాకు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. ఎందుకని అడిగితే, “ఊరికే” అన్నాడు. పాత సామాన్లు అమ్మే సైటు ఆయన ఫోన్‌లో తెరిచే ఉంది.

పదకొండో రోజు సారే ఫోన్ చేశారు. నమస్కారాలు, కుశలాలు ఏమీ లేవు. “అడుగుతా, చెప్పు. ఒకే మంచం ఇద్దరు పేషెంట్లకు ఇస్తుండె మన ప్రోగ్రాం. ఎట్ల పట్టినవ్?” ఉద్యోగం మానేసిన ఐదేళ్లకు వైవా! తడుముకుంటూ మొదలుపెట్టాను. చెబుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అప్పట్లో మూడు రోజులు ఆయన నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. జవాబు ఆయనకు మొదటి రోజే తెలుసు. చెప్పలేదు. “ఇంకోపారి జూడు” అంటూ కూర్చున్నారు, నేను పట్టుకునే దాకా. అలాంటివి మరో ఏడెనిమిది అడిగారు. అన్నింటికీ జవాబులు నా దగ్గరే ఉన్నాయి. అవి ఎవరి దగ్గర నేర్చుకున్నానో అప్పటిదాకా నాకు తట్టకపోవడమే వింత.

“సంతకం నాది గదమ్మా, నిజమో కాదో చూసుకోవాలె” అన్నారు చివరికి.

“సర్, ఆ మెయిల్ విషయంలో నన్ను క్షమించండి.”

“అదా... అండ్ల ఒక తప్పున్నది. ఆ రోజే చెప్దామనుకున్న, అప్పటికే పోయినవ్. పేషెన్స్ అని రాయబోయి, స్పెల్లింగ్ తప్పు, పేషెంట్స్ అని గొట్టినవ్. పేషెంట్లను నేర్చుకున్న అని వచ్చింది. చదివి పంపాలని ఎన్నిసార్లు చెప్పిన?”

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

లెటర్ వచ్చింది. నోటరీ ముద్రతో నాలుగు పేజీలు, ఒక్క చుక్క తప్పు లేదు. లాయర్ ఆఫీసు అమ్మాయి మురిసిపోయింది. రెండో పేజీలో మాత్రం ఆగింది. ‘మొదటి ఆరు నెలలు ఈమె పని సంతృప్తికరంగా లేదు’ అని ఉంది. “ఈ లైన్ తీసేయమని అడగగలరా?” అంది. ఆయనకు ఫోన్ చేసి అడిగాను.

“అబద్ధమా?” అన్నారాయన.

“కాదు సర్.”

“మరి ఉండనీ. తర్వాత బాగ జేసిందన్నది నమ్మాలంటే ఇది గూడ ఉండాలె.”

లాయర్ చదివి, ఉండనివ్వమన్నారు. అలాగే పంపారు.

మార్చిలో ఒక శనివారం ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు విరిచి చూస్తున్నాను. ఫోన్‌లో మెయిల్ వచ్చింది. అప్రూవ్ అయింది. చేతిలో బెండకాయలతోనే దుకాణం అదిరేలా “అయిపోయింది! అయిపోయింది!” అని అరిచాను. పక్కన ఉన్న ఆంటీ కంగారుగా తన బుట్ట పక్కకు జరిపి, “బెండకాయలా అమ్మా? ఇక్కడ ఇంకా ఉన్నాయిగా!” అన్నారు.

అది జరిగి చాలా ఏళ్లయింది. ఆ రోజు దాటింది ఒక మెట్టు మాత్రమే. గ్రీన్ కార్డ్ లైన్‌లో నేనింకా నిలబడే ఉన్నాను. మా అమ్మాయి పుట్టి, బడికి వెళ్లి, నా తెలుగును తన యాసలో దిద్దడం కూడా మొదలుపెట్టింది. ఆ దుకాణానికి వెళ్లినప్పుడల్లా ఆ కూరల బల్ల ముందు ఓ క్షణం ఆగుతాను. అంతా అయిపోయిందనుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్న ఆనాటి నేను, ఆ పిచ్చిపిల్ల, అక్కడే నిలబడి ఉన్నట్టుంటుంది. ఏమీ అయిపోలేదని చెప్పొచ్చు. చెప్పను. నవ్వనీ పాపం.