చదరం వేసి కూర్చునే సారు

ప్రొఫెసర్ ఉర్స్ ఫ్లూరి గారికి ఒకటే జబ్బు. పచ్చగా ఏది కనబడినా జేబులోంచి తాడు తీసి, దాని చుట్టూ చదరంగా పరిచి, మోకాళ్ల మీద కూలబడి, "ఇక్కడ ఎవరి పక్కన ఎవరున్నారు?" అని ఆరా తీస్తారు.

ఒక్క పువ్వును చూసి మురిసిపోయే రకం కాదాయన. ఏ మొక్క ఏ మొక్కతో పొత్తు కలిసింది, ఎవరొస్తే ఎవరు మకాం ఎత్తేస్తారు, ఈ ఇరుగుపొరుగు కూపీలే ఆయన చదువూ ఉద్యోగమూ. స్విట్జర్లాండ్ కొండల్లో పుట్టిన మనిషి, జర్మనీలో కాట్‌బస్ ఊరి దగ్గర బొగ్గు తవ్వి వదిలేసిన నేల మీద ముందు ఏం మొలుస్తుందో చూసిపోదామని కుర్రతనంలో వచ్చారు. చూస్తూ చూస్తూ ఇక్కడే తల నెరిసిపోయింది.

ట్రామ్ స్టాప్‌లో రాళ్ల సందున నాచు కనబడిందా, ఆ ట్రామ్ ఆయనకు దక్కనట్టే. సొంత పెళ్లికీ ఆలస్యంగానే వెళ్లారట. టౌన్‌హాల్ మెట్ల పక్కన పిచ్చిమొక్కలు అడ్డొచ్చాయి.

"పెళ్లికూతురు ఏమనలేదా సార్?" అని అడిగింది ఊర్మిళ.

"తాడు రెండో కొస పట్టుకుంది," అన్నారాయన.

ఊర్మిళ కరీంనగర్ పిల్ల. ఆయన దగ్గరే మాస్టర్స్ థీసిస్. గని పక్కన ఆయన ఏళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటున్న చదరమొకటి ఉంది. థీసిస్ దాని మీదే. అందులో గడ్డిపరక తెంపడానికి లేదు. తాడేమో ఏ పూటకాపూట ఆయన జేబులోకే పోతుంది. మిగతా రోజుల్లో మూలల్లో దిగ్గొట్టిన మేకులే గుర్తు.

ఇంతలో బతుకమ్మ వచ్చిపడింది. కాట్‌బస్‌లో తంగేడెక్కడిది? ఊర్మిళ పూలకోసం స్నేహితుడు జితేంద్రను తరిమింది. వాడు సాయంత్రానికి రెండు సంచులు తెచ్చి కుమ్మరించాడు. "గని దిక్కు మస్తున్నయే, అన్నీ పసుపు పూలే!"

మర్నాడు పొద్దున ఊర్మిళ వెళ్లి చూస్తే చదరం తిరుపతి గుండులా ఉంది. అక్కణ్నుంచే ఫోన్ చేసింది.

"పూలు ఏడ కోసినవ్‌రా?"

"గా మేకులున్న కాడ. ఎవ్వలు తొక్కలే, మంచి ఫ్రెష్‌గున్నయని..."

"నువ్వు కోసింది పూలు కాదురా, నా థీసిస్!"

థీసిస్ పోతే డిగ్రీ పోతుంది, డిగ్రీ పోతే వీసా. రోజంతా ఆ పిల్ల సారు కంటబడకుండా తప్పించుకు తిరిగింది.

సాయంత్రం హాస్టల్ పెరట్లో ఆట మొదలైందో లేదో, ఫ్లూరి గారు దిగారు. బతుకమ్మను చూడగానే కళ్లు మెరిశాయి. చుట్టూ తాడు పరిచి మోకాళ్ల మీద కూర్చున్నారు. చేసేది లేక ఆడపిల్లలంతా బతుకమ్మతో పాటు ఆయన చుట్టూ కూడా చప్పట్లు కొడుతూ తిరిగారు.

"పండుగ సార్‌కే చేస్తున్నట్టున్నదే," అంది రూమ్మేట్ రాజ్యశ్రీ.

"కింది వరసలో వీళ్లంతా మన చదరంవాళ్లే," అన్నారాయన, పూలకేసి చూస్తూ.

ఊర్మిళ ఇక ఆగలేకపోయింది. "తప్పయిపోయింది సార్. పూలు తెమ్మన్నది నేనే. థీసిస్ తీసేస్తరా?"

"పొద్దున మీకంటే ముందే వెళ్లి చూశాను. ఓ గంటసేపు లేవలేకపోయాను," అన్నారు మెల్లగా. "తర్వాత మీరు గుర్తొచ్చారు. నాతో చెప్పుకుంటే గానీ మీకు నిద్రపట్టదని ఇలా వచ్చాను. సరేగానీ, మీ ఊళ్లో ఏటా కోస్తారా? కోసినచోట మళ్లీ పూస్తాయా?"

"ఇంకా గుబురుగ పూస్తయి సార్."

"అక్కడ కుందేళ్లొచ్చాయి, చీమలొచ్చాయి, అన్నీ రాశాను. పండగ మాత్రం ఇప్పుడే వచ్చింది. కోసిన నేల మీద ముందు ఎవరు తిరిగొస్తారో చూసి రాయండి. అదే మీ థీసిస్. ఆఫీసువాళ్లకు నేను చెప్పుకుంటాను."

ఊర్మిళ ఏడవబోయి నవ్వేసింది. చెట్టంత మనిషి, ప్రాణంలా పెంచుకున్న నేల బోడిదైతే పల్లెత్తు మాట అనకుండా ఆమెకో దారి వెతుక్కొచ్చారు!

"ఒకటే షరతు," అన్నారు ఫ్లూరి గారు. "ఏటా కోయాలి. కోసే చెయ్యి మారకూడదు. నిన్న కోసిందెవరు?"

ఆడపిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"సార్," అన్నాడు గోడవార నిలబడ్డ జితేంద్ర, గేటు వైపు జరుగుతూ, "నాది మెకానికల్!"