బాటసింగారంలో కనిపించిన గీత

కంప్యూటర్లో నేల ఎత్తుపల్లాల మ్యాపులు చూసి, భూకంపం వచ్చే పగుళ్లను వెతకడం నా ఉద్యోగం. బాటసింగారం దగ్గర నేల మెట్టులా లేచిన ఒక తిన్నని గీత కనిపించి, వారం నుంచి భయపడుతున్నాను. పక్కనే ఇళ్లున్నాయి మరి. ఈ ఉదయం ఎల్బీనగర్‌లో బస్సెక్కి వెళ్లాను. ఆ గీత పక్క చేలో యాదమ్మ అనే పెద్దావిడ వంకాయలు కోస్తోంది.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా?"

"భూకంపానికి నేల ఇలా లేచిందేమోనని చూస్తున్నానమ్మా."

ఆమె పగలబడి నవ్వింది. "భూకంపం ఏంది! వాన నీళ్లు ఆగాలని నేను, మా ఆయన మన్ను మోసి పోసిన కట్ట గది."

అంచు తవ్వి చూస్తే నిజమే, అంతా పోసిన మన్నే. నా తప్పు ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఒప్పుకోలేదు. రిపోర్టులో కట్ట కట్టినవాళ్లుగా ఇద్దరి పేర్లూ రాశాను. మ్యాపులకు తెలియని ఇలాంటి సంగతులు మీ ఊళ్లో ఎవరు చెబుతారు?