తువ్వాలు కింద గరుకు ముక్క

బేతంచెర్లలో పుట్టినవాడికి బరువంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. బండలెత్తే మనుషుల మధ్యే పెరిగాను. అయినా ఇన్నేళ్లుగా నేను దించుకోలేక మోస్తున్నది బండ కాదు, ఒక పాట. నవ్వకండి. నవ్వినా పరవాలేదు, సగం కథ నవ్వొచ్చేదే. మిగతా సగమే ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

మాది ఒక పాటల గుంపు. ఆదివారం మిషన్లు ఆపేస్తారు కనుక, నా చిన్ననాటి స్నేహితుడు ఖాసీం బండల పాలిషు ఫ్యాక్టరీ షెడ్డులో చేరి, టీ తాగుతూ పాటలు వింటాం. ఆ గుంపులో నేను పండితుణ్ణి. ఆ బిరుదు ఎవరిచ్చారంటే, నేనే. చిన్నప్పుడు కొన్నాళ్లు హార్మోనియం నేర్చుకున్నాను. శ్రుతి, లయ అని రెండు మాటలు గట్టిగా అనగలను. చెట్టు లేని ఊళ్లో ఆముదం చెట్టే మహావృక్షం కదా.

పాట మీద తగాదా వస్తే మాకొక పద్ధతి ఉంది. ప్రతివాడి దగ్గరా రెండు బండముక్కలుంటాయి, ఒకటి పాలిషు పట్టిన నునుపుది, ఒకటి గరుకుది. నచ్చితే నునుపుది, నచ్చకపోతే గరుకుది, తువ్వాలు కప్పిన పెయింటు డబ్బాలో వేస్తాం. ఎవరేం వేశారో ఎవరికీ తెలియదు. డబ్బా తీర్పు చెప్పాక ఇంక నోరెత్తకూడదు.

ఒక ఆదివారం ఖాసీం ఎవరో కొత్త గాయని పాట వినిపించాడు. ఆమె పాటలో మాటలుండవు. ఊపిరి పీలుస్తుంది, కూత పెడుతుంది, గొంతు గీరుతుంది. మధ్యలో ఉన్నట్టుండి ఆపేసి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం కూడా పాటేనట. సగంమంది పొట్ట పట్టుకుని నవ్వారు. సగంమంది మళ్లీ పెట్టమన్నారు. ఖాసీం మాత్రం కళ్లు మూసుకుని, "అన్నా, బాగ విను. ఈమె గొంతు మన పాలిషు చక్రం మాదిరి ఉండాది. నీళ్లు పడితే ఒగ రాగం, ఎండితే ఒగ రాగం. మన చక్రం యాడన్నా వినిందంటే, దాంతో కలిసి పాడతాది సూడు" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. పండితుణ్ణి కదా. "ఇది పాట కాదప్పా, గేరు పడని లారీ" అన్నాను. షెడ్డు దద్దరిల్లింది. ఆ నవ్వులు నాకెంత తియ్యగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తుంది.

ఆ పాటను ఇంట్లో ఒంటరిగా మళ్లీ విన్నాను, తప్పులు పట్టడానికే. ఒక్కటీ దొరకలేదు. కొన్నాళ్లకు, పొద్దున నడకకు పోతే చెవిలో ఆమె ఉంటే తప్ప కాలు కదలని స్థితికి వచ్చాను. అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా? నోరు జారాను ఖాసీమూ అంటే ఏం పోయేది? పండితుడి పరువు పోయేది. అది అసలు ఉందా అని మాత్రం నన్ను నేను అడుక్కోలేదు.

తర్వాత ఆమె కర్నూలుకు వస్తోందని తెలిసింది. కచేరీకి పోతే గుంపంతా ఒకే జీపులో పోవాలి, లేదంటే ఎవరూ పోకూడదు, అదీ మా కట్టుబాటే. డబ్బా పెట్టారు. ఖాసీం నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు. తువ్వాలు కింద నా చెయ్యి కాసేపు ఆగింది. నిజంగానే ఆగింది. తర్వాత గరుకు ముక్క వేసింది. ఒక్క ముక్క తేడాతో ప్రయాణం ఆగిపోయింది.

"సరేలేప్పా, డబ్బా మాట డబ్బా మాటే" అని ఖాసీం అందరికీ టీ పోశాడు. నాకే ముందు పోశాడు.

ఇంతేనా అనుకుంటున్నారేమో. ఇంతే అయితే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. కోయిలకుంట్లలో మా చిన్నమ్మ కూతురి బిడ్డకు పేరు పెడుతున్నారని గుంపుకు చెప్పి, నేనొక్కణ్ణే కర్నూలు పోయి ఆ కచేరీ విన్నాను. చివరి వరుసలో కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా. మధ్యలో ఆమె, "మీ ఊళ్లో రోజంతా వినపడే చప్పుడు ఏది? ఎవరైనా చేసి చూపిస్తారా?" అని అడిగింది. నేను ఎందుకు లేచానో నాకు తెలియదు. లేచి, పాలిషు చక్రంలా నోటితో చప్పుడు చేశాను. నీళ్లు పడినప్పటిది, ఎండినప్పటిది. ఆమె దాంతో కలిసి పాడింది. అచ్చం ఖాసీం చెప్పినట్టే.

కచేరీ అయ్యాక ఆమె నన్ను పిలిపించి, ఆ చప్పుడు మళ్లీ చేయించుకుని రికార్డు చేసుకుంది. "ఈ ఆలోచన మీకెలా వచ్చిందండీ?" అంది.

"నాకే తోచిందమ్మా" అన్నాను.

పేరు అడిగితే మాత్రం తప్పించుకున్నాను. పేరు బయటపడితే గుంపుకు తెలిసిపోతుందని. దొంగకు ఉండాల్సిన జాగ్రత్తలన్నీ నాకున్నాయి.

కొన్ని నెలలకు ఆ పాట బయటికొచ్చింది. ఖాసీం షెడ్డులో పెట్టాడు. వెక్కిరించినవాళ్లే, "రేయ్, ఇది మన చక్రంరా!" అని లేచి చిందులేశారు. ఖాసీం కళ్ల నీళ్లతో, "నేను చెప్పలేదా? నేను ఈడ అనుకున్నది ఆమెకు ఆడ తోచినాది! ఇది మన పాత మిషన్ చప్పుడే, నీళ్లు తక్కువైనప్పటిది" అన్నాడు. ఆ పాత మిషన్‌ని నేనే, అతని పక్కనే కూర్చుని టీ ఊదుకుంటున్నాను. అప్పటినుంచి బండలు కొనడానికి ఎవరొచ్చినా ఖాసీం ఆ సంగతి చెప్పందే పంపడు. అతని సంతోషం చూస్తే నాకూ సంతోషమే. ఆ సంతోషాన్ని చెడగొట్టకూడదనే నోరు మూసుకున్నానని ఎన్నిసార్లు సర్ది చెప్పుకున్నానో. అది నిజమా? కొంత నిజమే. మిగతాది భయం.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆమె కడపకు వస్తోంది. ఈసారి డబ్బా నిండా నునుపు ముక్కలే. ముందు వరుసలో, ఖాసీం పక్కన నా సీటు. ఆమె నన్ను గుర్తుపడితే? ఆ భయంతోనే చస్తుంటే, నిన్న ఖాసీం ఒక కవరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. లోపల పసుపు గౌను, అంచుకు కుచ్చులు.

"కోయిలకుంట్ల మీదనే కదన్నా పోతాండాం. మీ చిన్నమ్మ కూతురింట్లో ఆగి ఆ పాపకు ఇచ్చిపోదాం. అప్పుడు పేరు పెట్టినారు, ఇప్పటికి బడికి పోతాంటాది. కొలత తెలీక రోంత పెద్దదే తెచ్చినా."

ఆ పాప లేదు. పుట్టనే లేదు. ఖాసీం కవరు నా చేతిలో పెట్టి, పాట కూనిరాగం తీసుకుంటూ వెళ్లిపోయాడు.

జీపు కోయిలకుంట్ల చేరేలోగా అతనికి చెప్పక తప్పదు. క్షమిస్తాడో, నడిరోడ్డు మీద దించేస్తాడో తెలియదు. దించేసినా న్యాయమే. మీకైతే చెప్పేశాను, అబద్ధమెందుకు, ప్రాణం కాస్త తేలికపడింది. గౌను మంచం మీద పరిచి చూస్తున్నాను. నిజంగానే రోంత పెద్దది.